ఈ సంవత్సరం ప్రధానమైనది కాదు

మా బావకి కోపం వస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వచ్చీపోయేదైతే వస్తుంది అనొచ్చు. ఆయనది కాపురం పెట్టిన కోపం. పొద్దున్న ఆయనకంటే ముందు లేచి కూర్చుంటుంది, ఆయన గుర్రు పెట్టాక గానీ పడుకోదు. ఈ సంగతి రాస్తుంటే నాకూ ఒళ్లు మండుతోంది కాబట్టి ఆయన ఒక్కడినే అనడం న్యాయం కాదు.

బావ లెక్కల మాస్టారు. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు శేషం సారు. ఆయన ముందు ఏ సంఖ్య పలికినా సరే, దాన్ని దేనితోనో భాగించి శేషం ఎంతో చెప్పేదాకా ఊరుకోడు. బస్సు నంబరు, ఇంటి నంబరు, చెప్పుల సైజు, ఏదీ ఆయన చేతిలో క్షేమంగా బయటపడలేదు. ఒకసారి డాక్టరు రక్తపోటు చూసి, "నూట ఎనభై రెండండీ" అంటే, "పదమూడుతో పోతుంది" అన్నాడు బావ. భాగహారంలో పోవడమంటే శేషం మిగలకుండా సరిపోవడమని ఆ డాక్టరుకి ఎవరు చెప్పాలి? పదమూడో తారీఖున మనిషే పోతానంటున్నాడనుకుని పాపం ఆయన కంగారుగా పట్టీ బిగించాడు. మళ్లీ చూస్తే రెండు వందలుంది. అది డాక్టరుదో బావదో ఇప్పటికీ తేలలేదు.

నాకు కాన్వెంటులో లెక్కలు చెప్పిన సిస్టరు కోపం వస్తే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. బావ కోపం వస్తే భాగహారం చేస్తాడు. సిస్టరుకి కాసేపటికి శాంతి దొరికేది. ఈయనకి శేషం దొరుకుతుంది.

శేషం దొరకని సంఖ్యలంటే ఆయనకి చిన్నచూపు. దేనితో భాగించినా శేషం మిగిల్చే సంఖ్యలంటే ప్రాణం. ఒకటితోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ పోని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారని మనమందరం చిన్నప్పుడు చదివి, పరీక్ష రాసి, మర్చిపోయాం. ఏడు, పదకొండు, పదమూడు, అలాంటివి. బావ మాత్రం మర్చిపోలేదు. "ఎవడికీ ముక్కలుగా దొరకనిది" అని చెప్పేవాడు తరగతిలో, బల్ల మీద గుద్ది మరీ.

ఆయనకి ఈ లోకంలో సొంతమని చెప్పుకోదగ్గది ఒక్కటే ఉండేది. బడి గేటుకి కుడిపక్కన, కాపలావాడి గది కట్టాలనుకుని మానేసిన చోట, నున్నగా సిమెంటు పూసిన గోడ ముక్క మిగిలిపోయింది. దానికి బ్లాక్‌బోర్డు రంగు తనే తెచ్చి వేశాడు. చొక్కాకి అంటిన ఆ రంగు ఈ రోజుకీ వదల్లేదు. గొప్ప లెక్కల పండితుల పుట్టినరోజులు ఆయనకి ఇంటివాళ్లవాటికంటే బాగా గుర్తు. ఆ రోజు వచ్చిందంటే, పిల్లలు రాకముందే ఆ గోడ మీద ఒక పొడుపులెక్క రాసిపెట్టేవాడు. గేటు దాటేవాళ్లు అది చదవకుండా లోపలికి వెళ్లడానికి వీల్లేదు. చదివి కూడా ఆలోచించకుండా వెళ్లినవాణ్ణి ఆయన నడక చూసే పట్టేసేవాడు.

ఒక ఫిబ్రవరి ఏడున రాసింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఈ రోజు హార్డీ పుట్టినరోజు. 7-2-1877. రోజు, నెల, సంవత్సరం మూడూ ప్రధాన సంఖ్యలే. ఆయన ప్రాణస్నేహితుడు రామానుజన్ పుట్టింది 22-12-1887. మూడింటిలో ఒక్కటీ కాదు. మీ పుట్టినరోజులో ఎన్ని?"

ఇంకేముంది, ఊరు ఊరంతా తమ పుట్టినరోజుల మీద పడింది. పంక్చర్లు వేసేవాడు ట్యూబుని నీళ్లతొట్టిలోనే వదిలేసి గోడ మీద సుద్దముక్కతో భాగహారాలు మొదలుపెట్టాడు. ఒక బస్సు డ్రైవరు 1973లో పుట్టాడట. దాన్ని మూడుతో, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో చూసుకుంటూ వచ్చి, పదిహేడు దగ్గర వెనకాల హారను మోతకి లెక్క తప్పి, బస్సాపి దిగొచ్చాడు బావని అడగడానికి. ఆగిపోయిన బళ్ల వరస ఊరవతల వంతెన దాకా వెళ్లిందంటారు. అంటారేమిటి, నేనే అంటున్నాను.

గేటుకి ఎదురుగానే మా అక్క టైలరింగు కొట్టు. బడి పిల్లల యూనిఫారాలన్నీ అక్కడే కుడుతుంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఆవిడ మాట్లాడగలిగినట్టు మనం ఖాళీ నోటితో మాట్లాడలేం. ఆ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు, "నావి ఎన్ని?" అని అడిగింది.

"ఎనిమిది, ఆరు, 1964. ఒక్కటీ లేదు" అన్నాడు బావ, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

"ఒక్కటి కూడానా?"

"నీ పుట్టినరోజు నేను పెట్టానా?"

"చూసి చేసుకోవలసింది!" అని గరిట గిన్నెలో వేసిన చప్పుడుకి పక్కింటివాళ్ల కుక్క లేచి కూర్చుంది. "ఇన్నేళ్లు మీ సుద్ద మరకలు ఉతికి చచ్చానే, నాకో సంఖ్య ఇవ్వడానికి చేతులు రాలేదా?"

వాతావరణం చల్లబడాలని నేనే కలగజేసుకున్నాను. "బావా, మీ ప్రధానం ఎప్పుడు జరిగింది?"

పెళ్లి ఖాయం చేసుకోవడాన్ని ప్రధానమనే అంటాం కదా. బావ విసుగ్గా, "1987" అన్నాడు. అని, చెయ్యి గాల్లోనే ఆపేశాడు. పెదాలు కదులుతున్నాయి. ఏడు, పదకొండు, పదమూడు... చివరికి నా వంక చూసి, "ఓరి నీ దుంప తెగ! ప్రధానమే" అన్నాడు.

"ఏది?" అంది అక్క.

"మన ప్రధానం. ప్రధాన సంవత్సరంలోనే జరిగింది."

అక్క ఆయన పళ్లెంలో ఇంకో గరిటె అన్నం వేసి, "ఇందాకే చెప్పి ఏడవచ్చుగా" అంది.

ఈ ఒక్క మాట ఇంట్లో గొడవని ఆర్పింది. అదే మాట వీధిలో మంట పెట్టింది. ఆ సంగతికి వస్తున్నాను.

బడి యజమానిని అందరూ ఛైర్మన్ గారంటారు. ఆయనకి ప్రధానం అనే మాట ఊతపదం. మైకు పట్టుకుంటే, "ప్రధానంగా నేను చెప్పొచ్చే ప్రధాన విషయం ఏమిటంటే" అని మొదలుపెట్టి, ఆ విషయం తప్ప అన్నీ చెప్పి దిగేవాడు. 2013లో బడికి పాతికేళ్లు నిండాయి. పాతికేళ్లు కాబట్టి అక్టోబరు ఇరవై అయిదున వార్షికోత్సవం పెట్టాడు. ముందురోజు సాయంత్రం డెకరేషన్ వాళ్లొచ్చి, గేటు పక్కన కర్రలు పాతి, సరిగ్గా బావ గోడకి పైన ఇంత పొడుగు ఫ్లెక్సీ కట్టి వెళ్లారు. "మా విద్యాసంస్థ చరిత్రలో ఇది అత్యంత ప్రధానమైన సంవత్సరం!" అని ఎర్రక్షరాలు. పక్కన నమస్కారం పెడుతున్న ఛైర్మన్ గారు, మనిషికి రెండింతల సైజులో.

బావకి ఆ తేదీ ఇంకో రకంగా ముఖ్యం. అది గాల్వా పుట్టినరోజు. లెక్కల పండితులందరిలోకీ బావకి ఆయనంటే మరీ ఇష్టం. చదువుకుంటున్న బడి డైరెక్టరుని తిడుతూ పత్రికకి ఉత్తరం రాసి, బడిలోంచి గెంటించుకుని, ఇరవై ఏళ్లకే పిస్తోళ్ల పోట్లాటలో పోయిన కుర్రాడు. "మనవాడు" అనేవాడు బావ, ఆ కుర్రాడి సంగతి వచ్చినప్పుడల్లా.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. తల ఎత్తి పైకి చూసే అలవాటు ఆయనకి లేదు. ఆయన కోపం ఎప్పుడూ కళ్లకి సూటిగా ఎదురున్నదాని మీదే. ఆ పూట ఎదురుగా ఉన్నది డెకరేషన్ కర్ర. గోడలో సగం తినేసింది. దాన్ని తిట్టుకుంటూ, ఉన్న జాగాలో ఇరికించి, ఎప్పుడూ రాసినట్టు "ప్రధాన సంఖ్య" అని వివరంగా రాయకుండా, కుదించి రాశాడు. మొత్తం నాలుగే వరసలు.

"25-10-1811, గాల్వా పుట్టినరోజు. 1811 ప్రధానమైన సంవత్సరం. ఈ సంవత్సరం ప్రధానమైనది కాదు. ఎందుకు?"

పైన ఫ్లెక్సీ, కింద ఇది. చూసినవాళ్లలో సగంమంది నవ్వాపుకోలేక అక్క కొట్లోకి దూరారు. తుడిచెయ్యండని ఒక్కడైనా బావతో అన్నాడా? అనడు. ఉచితంగా తమాషా దొరుకుతుంటే మన జనం ఆపుతారా!

ఛైర్మన్ గారి కారు ఆగింది. వెనక కార్లో అతిథులు, ఫోటోగ్రాఫరు. ఆయన దిగి, వేలెత్తి ఫ్లెక్సీ చూపిస్తూ పై వరస పెద్దగా చదివి వినిపించాడు. అతిథుల కళ్లు పై వరస అయిపోయాక కింద వరస మీదికి జారాయి. ఆయన కళ్లు కూడా జారాయి. సరిగ్గా అప్పుడే, క్యూలో నిలబడ్డ ఏడో తరగతి పిల్ల ఒకతి బావని చూసి సంతోషం పట్టలేక అరిచింది.

"సార్! ఈ ఏడాది మూడుతో పోతుంది సార్!"

"పదకొండుతో కూడా పోతుంది!" అంది పక్కపిల్ల.

"అరవై ఒకటితో కూడా!"

ఛైర్మన్ గారి మొహం ఫ్లెక్సీ అక్షరాల రంగుకి వచ్చింది. "ఏమిటమ్మా పోయేది?"

ఆ పిల్ల చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా చెప్పింది. "ఈ సంవత్సరమేనండీ. మొత్తం పోతుంది. ఏమీ మిగలదు."

ఫోటోగ్రాఫరు ఆ క్షణాన్నే ఫోటో తీశాడు. ఆ ఫోటో నేను చూశాను. నమస్కారం పెడుతున్న ఛైర్మన్ గారి కింద, కొట్టడానికి చెయ్యెత్తిన ఛైర్మన్ గారు.

ప్రిన్సిపాలమ్మ గది కిటికీ మా అక్క కొట్టు వైపే ఉంటుంది. అయినా ఆ పూట వినడానికి కిటికీ అక్కర్లేదు.

"నా ఉప్పు తిని, నా గేటు మీదే, నా సంవత్సరం పనికిరానిదని రాస్తారా?"

"పనికిరానిదని రాయలేదండీ. ప్రధానం కాదని రాశాను."

"రెండూ ఒకటే!"

"ఒకటి సంగతి ఎత్తకండి. అది కూడా ప్రధాన సంఖ్య కాదు."

కొట్లో అక్క నుదురు కొట్టుకుంది. "ఈ మనిషి నోట్లో ఎవరైనా ఇన్ని గుండుసూదులు పొయ్యండర్రా."

ప్రిన్సిపాలమ్మ భయపడుతూనే, "అది లెక్కల్లో వాడే మాట సార్, వేరే అర్థం..." అనబోయింది. ఛైర్మన్ గారు ఆవిణ్ణి మాట పూర్తిచెయ్యనివ్వలేదు. "అమ్మా, గేటు ముందు నిలబడ్డవాళ్లు లెక్కలు చదువుతారా, తెలుగు చదువుతారా?" అన్నాడు. ఆ ఒక్క ముక్క మాత్రం సబబే. అందుకే నాకు మరీ మండింది.

తర్వాత ఆయన తీర్పు చెప్పాడు. రాసిన చెయ్యే తుడవాలి. తుడిచి, అదే గోడ మీద, "ఈ సంవత్సరం ప్రధానమైనది" అని రాయాలి. అంతే. రాస్తే గోడ ఉంటుంది, బావ పుట్టినరోజులు బావ రాసుకోవచ్చు. రాయకపోతే గోడ ఉండదు.

బావ గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గడం నేను అంతకుముందు వినలేదు. "ముఖ్యమైనది అని రాస్తానండీ. ఎంత పెద్దక్షరాలు కావాలంటే అంత."

"ప్రధానమైనది."

"గొప్పది అని రాస్తాను. ఘనమైనది అని మాత్రం అడక్కండి. రెండును మూడుసార్లు వేసి గుణిస్తే ఎనిమిది, అది ఘనం. 2013 అలా రాదు, ఘనం కూడా కాదు."

"మాస్టారూ, ఆ మాటతో పోయిన పరువు ఆ మాటతోనే రావాలి. ప్రధానమైనది. ఒక్క మాట. రాస్తారా, రాయరా?"

"మూడుతో పోయే సంఖ్యని ప్రధానమని నా చేత్తో రాసి, ఆ పిల్ల ముందు మళ్లీ సుద్దముక్క ఎలా పట్టుకోమంటారు?" అన్నాడు బావ. తర్వాత అన్నాడు, "నాలుగేళ్లు ఆగండి. 2017లో రాస్తాను. అది ప్రధానమే."

వెటకారం చేస్తున్నాడనుకున్నాడు ఛైర్మన్ గారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. బావకి వెటకారం చేతకాదని తెలిసినవాళ్లం నేనూ అక్కా ఇద్దరమే.

ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఎలా తీస్తాడు, పదో తరగతి ఫలితాలు బావ అరుపుల మీదే నడుస్తున్నాయి. గోడని తీశాడు. మేస్త్రీ వచ్చి ఆ నల్లటి జాగా మీద కొత్తగా సిమెంటు పూసి, పసుపు రంగు వేసి పోయాడు. దాని మీద ర్యాంకుల ఫ్లెక్సీ ఎక్కింది. ఆ ఫ్లెక్సీ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు. పిల్లల ముఖాలు, ముఖాల కింద మార్కులు. ఎండకి ఆ ముఖాలు వెలిసిపోయేవి, గాలికి చెవి దగ్గర ఒకడు చిరిగేవాడు, వానకి ముక్కు దగ్గర ఒకతి ఊడేది. పై ఏడు వాళ్ల ముఖాల మీదే మేకులు కొట్టి కొత్త ముఖాలు బిగించేవాళ్లు. ఒక్క పిల్లాడు దాని ముందు నిలబడి ఆలోచించగా నేను చూడలేదు. నిలబడితే, తన ముఖం లేదని ఏడవడానికే.

బావ రోజూ గేటు దాటేముందు ఫ్లెక్సీ అంచు కింద చెయ్యి పెట్టి, వేలి కణుపుతో గోడని టక్కున కొట్టేవాడు. తలుపు కొట్టినట్టు. "కిందే ఉంది" అని తనలో తనే అనుకుని లోపలికి పోయేవాడు.

గోడ మీద పెట్టాల్సిన కోపమంతా ఇంట్లో పెట్టడం మొదలుపెట్టాడు. పుట్టినరోజు వచ్చిందంటే తెల్లారకముందే వంటింటి గడప మీద నిలబడి పాఠం చెప్పేవాడు. ఏప్రిల్ ముప్పైన, "ఈ రోజు గౌస్ పుట్టినరోజు, 1777, ప్రధాన సంవత్సరం, నీకు చీమ కుట్టినట్టయినా లేదు!" అని అక్క మీద అరిచాడు. ఆవిడ పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

అక్క ఆ రోజే కొట్టుకి పోయి, షట్టరు కిందికి దించి, దాని మీద నల్లరంగు కొట్టేసింది. చీర కొంగుకి రంగంటింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరికీ మరకలున్నాయి.

"ఇదిగో, మీ గోల ఇక్కడ రాసుకోండి. బడి తొమ్మిదింటికి, నా కొట్టు తొమ్మిదిన్నరకి. నేను షట్టరెత్తే లోపల ఎంతమంది చదివితే అంతమంది. ఇంట్లో మాత్రం నోరెత్తారంటే మీ నోరూ కుట్టేస్తాను."

సంతోషించాడనుకుంటున్నారా? షట్టరుకి అడ్డంగా గాడులుంటాయి. సుద్ద గీత అడ్డంగా గీస్తే గాడిలో పడి మాయమైపోతుంది. మొదటిసారి ఆయన రాసింది ఫెర్మా గురించి. ఆ పెద్దాయన ఏ సంవత్సరంలో పుట్టాడో చరిత్రకారులకి పేచీ. 1601 అని కొందరు, 1607 అని కొందరు. ఏది నిజమైనా ప్రధాన సంవత్సరమేనన్నది బావ పొడుపులెక్కలోని గమ్మత్తు. తీరా రాశాక ఏడు తల మీది గీత గాడిలో పడింది. పంక్చర్లవాడు వచ్చి, చేతులు తుడుచుకుంటూ, కూడబలుక్కుని చదివాడు. "1601 అని కొందరు, 1601 అని కొందరు." కాసేపు ఆలోచించి, "ఇద్దరూ ఒకటే మాట అంటుంటే ఇంక పేచీ దేనికండీ మాస్టారూ?" అన్నాడు.

బావ సుద్దముక్క విసిరికొడితే అది వాడి నీళ్లతొట్టిలో పడి కరిగిపోయింది. "గోడకీ రేకుకీ తేడా తెలిసిందా?" అని నా మీద అరిచాడు, ఆ రేకు నేనే చేసినట్టు. ఆయనకి కావలసింది ఆ గోడే. పిల్లలు తలొంచుకుని లోపలికి నడిచే దారిలో, నున్నగా, కదలకుండా, వాక్యం మధ్యలో పైకి చుట్టుకుపోకుండా ఉండే గోడ.

అలా 2017 వచ్చింది. ఆ ఏప్రిల్‌తో బావ ఉద్యోగం అయిపోతుంది. జనవరిలో కొత్త సంవత్సరం సెలవు తర్వాత బడి తెరిచిన మొదటి రోజు పొద్దున్నే షట్టరు మీద గాడుల్ని తప్పించుకుంటూ ఎంతో జాగ్రత్తగా రాశాడు. ఒకటే వాక్యం. కింద ఎప్పుడూ ఉండే "ఎందుకు?" కూడా లేదు.

"ఈ సంవత్సరం ప్రధానమైనది."

ఇచ్చిన మాట ప్రకారం రాశాడు. అంతకుమించి ఆయన మనసులో ఏమీ లేదు. అక్క తొమ్మిదిన్నరకి షట్టరు ఎత్తబోతూ, ఎందుకో ఆ పూట సగానికే ఎత్తి, వంగి లోపలికి వెళ్లింది. లోపల ఒకావిడ జాకెట్టుకి కొలతలివ్వడానికి వచ్చి ఉంది.

ఛైర్మన్ గారి కారు వచ్చి గేటు ముందు కాకుండా కొట్టు ముందు ఆగింది. నాలుగేళ్లలో ఆయన కూడా వాలిపోయాడు, చేతికర్ర వచ్చింది. కళ్లజోడు సర్దుకుని, సగం చుట్టుకున్న షట్టరు మీది వాక్యాన్ని చదివాడు. మొహం విచ్చుకుంది. "మాస్టారిని పిలవండి" అన్నాడు.

బావ తరగతిలోంచి సుద్దచేతులతోనే వచ్చాడు. ప్రిన్సిపాలమ్మ వెనకాలే పరిగెత్తుకొచ్చింది. ఫీజుల కోసం వచ్చిన తల్లిదండ్రులు నలుగురైదుగురు చుట్టూ చేరారు.

"మాట నిలబెట్టుకున్నారు మాస్టారూ" అని ఛైర్మన్ గారు బావ చెయ్యి పట్టుకున్నాడు. "నాలుగేళ్లకైనా దిగొచ్చారు. నాకూ ఇంక పంతాలు పట్టే వయసు కాదు. అమ్మా, ఆ ఫ్లెక్సీ పీకించండి. గోడ చెక్కించి నల్లరంగు వేయించండి. ఈ నాలుగు నెలలూ మాస్టారు ఏం రాసుకుంటే అది రాసుకోనివ్వండి."

బావ నోరు తెరిచాడు. లోపల్నుంచి అక్క వంగి చూస్తూ, పెదాల మధ్య సూదులతోనే తల అడ్డంగా ఊపింది. వద్దు, ఊరుకో, గోడ వస్తోంది. నేను ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకున్నాను. బావ గోడ వంక చూశాడు. నోరు మూశాడు. భగవంతుడా, ఈ ఒక్క నిమిషం ఈ మనిషికి మాట పడిపోనీ అని మొక్కుకున్నాను.

పడిపోయేదే. ఛైర్మన్ గారు ఊరుకుంటేగా! ఆయనకి నలుగురు మనుషులు కనిపిస్తే మైకు ఉన్నట్టే లెక్క. తల్లిదండ్రుల వైపు తిరిగి, "ప్రధానంగా మనం నేర్చుకోవాల్సింది ఇదే. చేసిన తప్పు ఒప్పుకోవడంలోనే ఉంది పెద్దరికం. చూశారా, మాస్టారు తన తప్పు తన చేత్తోనే దిద్దుకున్నారు" అన్నాడు.

తప్పు. ముప్పై ఏళ్లు పిల్లల పుస్తకాల్లో ఎర్రసిరాతో రాసిన మాట, ఎప్పుడూ తన మీద పడనివ్వని మాట.

"తప్పా?" అన్నాడు బావ. మెల్లగానే. నా చేతిలో చొక్కా చిరిగిన చప్పుడు వినిపించింది. "తప్పా? 2013 అప్పుడూ పోయింది, ఇప్పుడూ పోతుంది! మీరు పోయాక కూడా మూడుతో పోతుంది! ఏదీ, షట్టరు దించు!"

ఆ అరుపు అక్కకి. అందరం ఆవిడ వంక చూశాం. దించకపోతే ఇక్కడితో అయిపోతుంది, సాయంత్రానికి గోడ నల్లబడుతుంది, ఇంట్లో నాలుగు నెలలు ప్రశాంతంగా గడుస్తాయి. ఆవిడకి అది తెలుసు. ఇన్నేళ్లు ఆ గోల భరించింది ఆవిడే.

అక్క నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండుకి గుచ్చింది. బయటికి వచ్చింది. ఛైర్మన్ గారిని ఎగాదిగా చూసి, "నా మొగుణ్ణి నేను వెయ్యి అంటాను. తప్పు రాశాడని మాత్రం నేనైనా అనలేదండీ" అంది. కొక్కెం కర్ర అందుకుని షట్టరుని ఒక్క లాగు లాగింది. గడగడమని వీధి చివరిదాకా మోగింది. లోపల కొలతలిస్తున్నావిడ, "అమ్మో, నేనిక్కడే ఉన్నాను!" అని కేక వేసింది. ఆవిణ్ణి పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు.

బావ వంగి, ఆ వాక్యం కింద ఇంకో వరస రాశాడు. కోపంతో గబగబా గీకేసరికి అక్షరాలు గాడుల్లోకీ పైకీ పడ్డాయి గానీ చదవడానికి ఇబ్బంది లేదు.

"వచ్చే సంవత్సరం కాదు."

ఛైర్మన్ గారు చదివాడు. చేతికర్ర నేలకేసి కొట్టి కారెక్కాడు. ప్రిన్సిపాలమ్మ ఆయన వెనకాలే వెళ్లిపోయింది.

గోడ రాలేదు. ఏప్రిల్‌లో బావ ఉద్యోగం అయిపోయినరోజు గేటు దాటుతూ ఫ్లెక్సీ కింద చెయ్యి పెట్టి కణుపుతో ఒకసారి కొట్టాడు. బడివాళ్లు ఇచ్చిన శాలువా భుజం మీదే ఉంది. ఇంటికొచ్చాక అక్క దాన్ని కుట్టుమిషనుకి కప్పింది. ఆ గోడ ఈ రోజుకీ పసుపు పచ్చగానే ఉంది, ముఖాల మీద ముఖాలు ఎక్కుతూనే ఉన్నాయి. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నా పళ్లు వాటంతటవే పటపటమంటాయి. ఈ వయసులో ఉన్న పళ్లు ఎన్నని!

2018 జనవరిలో బడి తెరిచిన మొదటి రోజు, తొమ్మిదింటికి ముందే, షట్టరు మీద పెద్దక్షరాలతో ఒక్క మాట కనిపించింది.

"చెప్పానా?"